సర్టిఫికెట్ చేతికొచ్చాక తోడెవరు?

సీతంపేట ఏజెన్సీలో ఒక తరం కిందట పదో తరగతి పాసైన కుర్రాడి పేరు చుట్టుపక్కల గూడలన్నీ చెప్పుకునేవి. ఇవాళ ఇంటర్, డిగ్రీ, ఐటీఐ, నర్సింగ్, బీఎడ్ చదివిన సవర, జాతాపు తెగల పిల్లలు చాలా గూడల్లో కనిపిస్తారు. ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు సాధించిన ఫలితమిది, చిన్నదేం కాదు. కానీ చదువు పూర్తిచేసి ఇంటికొచ్చిన వాళ్లలో ఎందరో జీడితోటలో అమ్మానాన్నలకు సాయపడుతూ, మధ్యమధ్య విశాఖకో చెన్నైకో కూలికి వెళ్లివస్తూ, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా అని ఫోను చూసుకుంటూ ఏళ్లు గడుపుతున్నారు. వాళ్ల కోసం పథకాలు లేవా అంటే ఉన్నాయి. శిక్షణ కేంద్రాలున్నాయి, జాబ్ మేళాలు జరుగుతున్నాయి, సర్టిఫికెట్లు అందుతున్నాయి. కానీ కొత్త పనిలో చేరిన మొదటి ఏడాది పక్కన నిలబడే మనిషే లేడు. పథకాలను ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోతే ప్రతిచోటా తేలేది ఈ లోటే.

2022 ఏప్రిల్ 4 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న సీతంపేట ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. పాలకొండ వైపు నుంచి ఘాట్ రోడ్డెక్కి వస్తే తగిలే ఈ ఊళ్లోనే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, అదే ఐటీడీఏ కార్యాలయం ఉంది. ఇక్కడ ప్రభుత్వమంటే ముందుగా గుర్తొచ్చేది ఐటీడీఏ, ఆ తరువాత దాని ప్రాజెక్టు అధికారి, అంటే పీవో గారు. సవరలను కేంద్రం ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన తెగల జాబితాలో చేర్చింది. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు భూస్వాముల తుపాకులకు బలైనప్పుడు ఈ కొండల్లో ప్రశ్న భూమిది, షావుకారు అప్పుది. ఆ ప్రశ్న మీద లేచిన గిరిజన పోరాటం నెత్తురులో ముగిసింది. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970 నాటి 1వ నిబంధన చట్టాన్ని గట్టిపరిచింది. దాని తరువాతే రోడ్లు, బడులు, ఐటీడీఏలు వచ్చాయి. తాతల తరం భూమి అడిగింది, మనవల తరం కొలువు అడుగుతోంది. భూమి విషయంలో ప్రభుత్వానికి కనీసం ఒక చట్టమైనా ఉంది. కొలువు విషయంలో ఉన్న జీవో కాస్తా 2020లో పోయింది.

ఆ జీవో కథ కాస్త వివరంగా చెప్పుకోవాలి. సీతంపేట యువత ఆశలన్నీ ఇన్నేళ్లూ దాని చుట్టూనే తిరిగాయి.

షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరి 10న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో నంబర్ 3 ఇచ్చింది. 1986లోనే ఇలాంటి ఉత్తర్వు ఒకటి వచ్చి కోర్టుల్లో నిలవలేదు. దాని స్థానంలో రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద గవర్నర్‌కున్న అధికారాన్ని ఆధారం చేసుకుని దీన్ని తెచ్చారు. కారణం సూటిగానే ఉంది. మైదానం నుంచి వచ్చే టీచర్లు కొండ మీద నిలిచేవారు కాదు, పిల్లల భాష వాళ్లకు తెలిసేది కాదు, బడి మూతపడే ఉండేది. జీవో వచ్చాక గిరిజన కుటుంబాల్లో డీఎడ్, బీఎడ్ చదివించాలన్న పట్టుదల పెరిగింది. గూడలో ఒక్క అమ్మాయి టీచరమ్మ అయితే ఆమెను చూసి మరో పదిమంది బడి మానకుండా నిలిచేవారు. ఏ కెరీర్ కౌన్సెలింగూ లేని చోట ఆ టీచరమ్మే కౌన్సెలింగ్.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారిని మాత్రం షరతులతో కొనసాగనిచ్చింది. న్యాయశాస్త్రం ప్రకారం తీర్పు మీద వాదోపవాదాలు ఎన్నైనా ఉండొచ్చు. సీతంపేట కొండల మీద దాని ఫలితం మాత్రం ఒక్కటే: బీఎడ్ చదువుతున్న పిల్లల కాళ్ల కింద నేల కదిలింది. 2025లో 16,347 టీచర్ పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు గిరిజన సంఘాలు ఏజెన్సీలో బంద్‌లకు దిగడానికి మూలం ఇదే. ఈ జిల్లాకు మరో చిక్కు కూడా ఉంది. గిరిజనులు ఎక్కువగా బతికే ఎన్నో గ్రామాలు ఇక్కడ షెడ్యూల్డ్ ప్రాంతపు హద్దుల్లో చేరనే లేదు. జీవో బతికున్న రోజుల్లో కూడా వాళ్లకు ఆ మేలు పూర్తిగా దక్కలేదు. ఆ గ్రామాలను షెడ్యూల్‌లో చేర్చమన్న విన్నపం దశాబ్దాల నాటిది.

నా మాట సూటిగా చెబుతాను. స్థానికులకు ప్రాధాన్యం ఇచ్చే చట్టబద్ధమైన మార్గం ఒకటి ప్రభుత్వం వెతకాలి, అది ఆలస్యమయ్యే కొద్దీ అన్యాయం పెరుగుతుంది. పిల్లల మాతృభాష తెలిసి ఉండటం ఆ బడిలో టీచరుకు ఉండాల్సిన అర్హతే కదా. 2003-04 ప్రాంతంలో సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులకు తెలుగు లిపితో వాచకాలు తయారుచేసింది ఈ రాష్ట్రమే. వాటిని చెప్పడానికి సవర వచ్చిన వాళ్లే కావాలి. అంతకు వందేళ్ల ముందే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. భాష వచ్చిన మనిషికి బడిలోనే కాదు, ఆసుపత్రిలో, అంగన్‌వాడీలో, కోర్టులో, అటవీ శాఖలో కూడా పనుంది. సవర, తెలుగు, ఒడియా మూడూ మాట్లాడగల పిల్లలు ఈ కొండల్లో కోకొల్లలు. ఆ నేర్పును ఏ శిక్షణ పథకమూ నైపుణ్యంగా లెక్కేయడం లేదు.

టీచర్ కొలువు దారి ఇరుకయ్యాక కొన్నాళ్లు గ్రామ సచివాలయాలు, వాలంటీర్ల వ్యవస్థ ఆదుకున్నాయి. 2019లో మొదలైన వాలంటీర్ పనికి నెలకు 5,000 రూపాయలు. గూడలో ఇంటిదగ్గరే ఉంటూ చేసే పని కావడంతో డిగ్రీ పిల్లలు కూడా చేరారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ వ్యవస్థ ఆగిపోయింది. పని పోయినప్పుడు వాళ్ల చేతిలో ఏ అనుభవ పత్రమూ లేదు. ఆన్‌లైన్ దరఖాస్తులు నింపడం, పింఛన్ల లెక్క చూడటం, సర్వే చేయడం ఏళ్ల తరబడి నేర్చుకున్న పిల్లలు. ఆ పని తెలిసినట్టు ఒక కాగితం రాసిచ్చి ఉంటే బ్యాంకు మిత్రలుగానో, మీసేవ కేంద్రాల్లోనో కుదురుకోవడానికి పనికొచ్చేది.

ఇక ప్రైవేటు ఉద్యోగాల కోసం ఇచ్చే నైపుణ్య శిక్షణ. ఇందులో మన రాష్ట్రానికి పాత అనుభవమే ఉంది. 2005లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ మొదలైంది. గ్రామీణ యువతకు కొద్ది నెలల వసతి శిక్షణ ఇచ్చి నగరాల్లో ఉద్యోగాల్లో చేర్పించడం దాని పని. ఏజెన్సీల్లో యువజన శిక్షణ కేంద్రాలు (వైటీసీలు) కట్టారు. సీతంపేటలోనూ వైటీసీ ఉంది. 2014 సెప్టెంబర్ 25న కేంద్రం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన తెచ్చింది. 2015లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన వచ్చింది. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ వీటికి తోడు.

వీటిలో గ్రామీణ కౌశల్య యోజన నిబంధనలు చదివితే మంచి పథకమనే అనిపిస్తుంది. నిధుల్లో సగం ఎస్సీ, ఎస్టీలకు. వయసు 15 నుంచి 35 దాకా, సవరల్లాంటి తెగలకైతే 45 దాకా. శిక్షణ 3 నెలల నుంచి 12 నెలల వరకు. ఉద్యోగంలో చేరాక నిలదొక్కుకోవడానికి నెలకు 1,000 రూపాయలు: సొంత జిల్లాలో అయితే 2 నెలలు, రాష్ట్రంలోనే వేరే జిల్లా అయితే 3 నెలలు, రాష్ట్రం దాటితే 6 నెలలు. ఊరు విడిచి వెళ్లినవాళ్లకు నగరాల్లో వలస సహాయ కేంద్రాలు పెట్టాలని కూడా రాశారు. పథకం రాసినవాళ్లకు అసలు కష్టం తెలుసన్నమాట. అమలులో డబ్బు, శ్రద్ధ శిక్షణ దగ్గరే ఆగిపోతాయి. బ్యాచ్ పూర్తయిందా, ఎందరికి ఆఫర్ లెటర్ వచ్చింది అన్నవే లెక్కలోకి వస్తాయి. దేశవ్యాప్త పరిస్థితిని పరిశీలించిన శారదా ప్రసాద్ కమిటీ కూడా లక్ష్యాల సంఖ్యల వెంట పడి యువతకు సరైన జీతంతో పని దొరికే సంగతిని పక్కన పెట్టేశారని తప్పుపట్టింది.

ఆఫర్ లెటర్ అందుకున్న సవర అమ్మాయి అచ్యుతాపురం వైపు దుస్తుల ఫ్యాక్టరీకి వెళ్తుంది. అబ్బాయి హైదరాబాద్‌లో హోటల్‌కో మాల్‌కో సెక్యూరిటీ పనికో వెళ్తాడు. మూడు నాలుగు నెలలకు చాలామంది తిరిగొచ్చేస్తారు. "కొండ పిల్లలు నిలవరు" అనే మాట కార్యాలయాల్లో సులువుగా దొర్లిపోతుంది. తిరిగొచ్చిన పిల్లల్ని కూర్చోబెట్టి అడిగితే తెలుస్తుంది అసలు సంగతి. చెప్పిన జీతం వేరు, హాస్టల్‌కీ మెస్‌కీ కోసుకున్నాక చేతికొచ్చింది వేరు. మొదటి జీతం వచ్చేదాకా నెలన్నర గడవాలి, ఆలోపు ఇంటినుంచి తెచ్చుకున్నది అయిపోతుంది. రాత్రి షిఫ్టు అయ్యాక బస్సుండదు. జ్వరమొస్తే ఈఎస్ఐ కార్డు ఎక్కడ చూపించాలో తెలియదు. పీఎఫ్ ఖాతాలో పేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటుంది. ఊళ్లో పండగొచ్చినప్పుడు, ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు సెలవు దొరకదు. వెళ్తే ఉద్యోగం పోతుంది, వెళ్లకపోతే ఇంట్లో మాట పోతుంది.

ఇంకొకటి ఉంది, పిల్లలు మెల్లగా చెప్పేది. సవరలకు "సవర" అన్నదే ఇంటిపేరు. హాజరుపట్టీలో పేరు పిలవగానే తెగ తెలిసిపోతుంది. గదిలో తోటివాళ్ల చూపు మారుతుంది, మాట యాసను వెక్కిరిస్తారు. పదిహేను రోజులు భరించిన పిల్ల పదహారో రోజు సంచి సర్దుకుంటుంది. దీన్ని "నిలవకపోవడం" అనడం తప్పు. ఆమెకు పనొచ్చు. ఆ పదిహేను రోజుల్లో ఫోను చేసి "అమ్మా, ఎలా ఉన్నావు" అని సవరలో అడిగే మనిషి లేడు, అంతే.

అలాంటి తోడు ఎలా ఉంటుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. ఇదే కొండల వరసకు అవతల, ఒడిశాలోని గజపతి జిల్లాలో, సవరల గూడల నడుమే మరో సమాజం బతుకుతోంది. 1959లో దేశం విడిచి వచ్చిన టిబెటన్ల కోసం 1963లో చంద్రగిరిలో ఒక శిబిరం ఏర్పాటైంది. దాన్ని వాళ్లు ఫుంత్సోక్లింగ్ అంటారు. దగ్గర్లోని జిరంగ్‌లో పద్మసంభవ మహావిహారం పేరుతో పెద్ద బౌద్ధారామం ఉంది, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. మొక్కజొన్న సాగు ఒక బతుకుతెరువు. చలికాలంలో లూథియానా నుంచి తెచ్చిన స్వెటర్లు ఊరూరా అమ్మడం రెండోది. విశాఖలో, విజయవాడలో డిసెంబర్ నెలలో కనిపించే స్వెటర్ల దుకాణాలు మనకు కొత్తకాదు. ఇప్పుడు అక్కడి కుర్రాళ్లకు సాగూ వద్దు, స్వెటర్ల బేరమూ వద్దు. చదువుకున్నారు, ఉద్యోగాలు కావాలి. పౌరసత్వం లేని వారికి సర్కారు కొలువు దక్కదు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను కాలం తీరకుండా రెన్యువల్ చేయించుకుంటూ ఉండాలి. 2014 నాటి టిబెటన్ పునరావాస విధానం ప్రైవేటు కొలువులకూ వృత్తులకూ కొన్ని తలుపులు తెరిచింది. 1950 జనవరి 26కీ 1987 జులై 1కీ మధ్య ఇక్కడ పుట్టినవారు పుట్టుకతోనే భారత పౌరులని 2010లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఇప్పటి కుర్రాళ్లలో ఆ తేదీల్లో పుట్టినవాళ్లు లేరు.

ఇంత ఇరుకులోనూ టిబెటన్లు ఒక పని బాగా చేసుకున్నారు. పిల్లలు వెళ్లే నగరాల్లో ముందుగా ఒక చూరు కట్టుకున్నారు. ఢిల్లీ రోహిణిలో కాలేజీ పిల్లలకు టిబెటన్ యూత్ హాస్టల్ ఉంది. దేహ్రాదూన్ దగ్గర సెలాకుయిలో వృత్తి శిక్షణ ఉంది. ప్రవాసంలోని తమ పరిపాలనా యంత్రాంగంలో ఉపాధి, నైపుణ్యాలు చూసుకునే విభాగం ఉంది. ప్రతి శిబిరానికీ ఒక అధికారి ఉంటారు. ఊరు దాటిన పిల్ల ఎక్కడుందో ఎవరో ఒకరికి తెలుస్తుంది. దేశం పోగొట్టుకున్నవాళ్లు చేసుకోగలిగిన ఏర్పాటు ఇది. సొంత నేల మీద, సొంత రాజ్యాంగపు షెడ్యూల్ కింద ఉన్న సవరలకు రాష్ట్ర ప్రభుత్వం చేసిపెట్టలేనంత కష్టమైనదేం కాదు. విశాఖలో, హైదరాబాద్‌లో పనిచేసే మన్యం పిల్లల కోసం ఒక్కో వసతి గృహం, అందులో సవర, కువి భాషలు వచ్చిన ఒక వార్డెన్, పగలూ రాత్రీ ఎత్తే ఒక ఫోను ఉంటే చాలు. మొదటి ఏడాది గడిస్తే రెండో ఏడాది పిల్లలే నిలబడతారు, తమ వెనక వచ్చేవాళ్లను కూడా నిలబెడతారు.

అందరూ నగరాలకే పోవాలా? అక్కర్లేదు. సీతంపేట కొండల్లో పంటలు తక్కువేం లేవు. జీడి, అనాస, పసుపు, చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు, సీతాఫలం. అనాస కాపు సమయంలో సంతకు కుప్పలుగా దిగుతుంది, మధ్యాహ్నానికి ధర పడిపోతుంది, సాయంత్రానికి వ్యాపారి అడిగిన రేటుకి ఇచ్చేసి కొండెక్కాలి. జీడి గింజలు పలాస ఫ్యాక్టరీలకు పోతాయి, అక్కడ పప్పై విలువ పెరుగుతుంది. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ అటవీ ఉత్పత్తులు కొంటోంది. 2018 నుంచి వన్‌ధన్ వికాస కేంద్రాలు వచ్చాయి. అయినా జీడి ఒలిచే యంత్రం పాడైతే బాగుచేయడానికి మెకానిక్ కింది నుంచి రావాలి. నైపుణ్య శిక్షణలో హోటల్ వెయిటర్ కోర్సు ఉంది, జీడి యంత్రం మెకానిక్ కోర్సు ఎందుకుండదు? చల్లటి గిడ్డంగి నడపడం, పళ్ల గుజ్జు తీయడం, పసుపు ఉడకబెట్టి మెరుగుపెట్టడం, లెక్కలు రాయడం, ఆన్‌లైన్‌లో అమ్మడం ఇవన్నీ ఉద్యోగాలే. అరకు కాఫీకి పదేళ్లకు పైగా పట్టిన శ్రమ, రైతుల సహకార సంఘం, నాణ్యత పరీక్షించే మనుషులు వెనకుంటేనే 2017లో పారిస్‌లో దుకాణం, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చాయి. దాని వెనక కాఫీ రుచిచూసి నాణ్యత చెప్పగల గిరిజన యువత తయారైంది. సీతంపేట అనాసకు, పసుపుకు అలాంటి పని ఇంకా మొదలవ్వాలి.

పర్యాటకం ఇంకో దారి. ఆడలి వ్యూపాయింట్‌కు, మెట్టుగూడ జలపాతానికి శనాదివారాలు జనం వస్తున్నారు. సీతంపేటలో ఎన్టీఆర్ అడ్వెంచర్ పార్కు కట్టారు. వచ్చేవాళ్లకు దారి చూపేది, అన్నం పెట్టేది, రాత్రి ఉండనిచ్చేది స్థానిక యువత అయితేనే దానికి అర్థం. సవర గోడబొమ్మలు ఇప్పుడు గుడ్డల మీదకు, కాన్వాస్‌ల మీదకు వస్తున్నాయి. అవి పూజతో ముడిపడిన బొమ్మలు, కాబట్టి ఏది అమ్మాలో ఏది అమ్మకూడదో సవర పెద్దలనే అడగాలి. అది తేలాక వేసే చేతులకు సరైన కూలి దక్కాలి.

అన్నింటికన్నా ముందు, పిల్లలకు దారులున్నాయని చెప్పేవాళ్లు కావాలి. ఐటీఐ ఫిట్టర్ చదివిన కుర్రాడికి విశాఖ నేవల్ డాక్‌యార్డులో అప్రెంటిస్ పాఠశాల ఉందని, ఏటా ప్రకటన వేస్తారని, 1961 అప్రెంటిస్‌ల చట్టం అందులో ఎస్టీలకు వాటా ఇచ్చిందని తెలియకపోతే ఆ చదువు వృథా. రైల్వే, ఉక్కు కర్మాగారం కూడా అంతే. 2023 బడ్జెట్‌లో 740 ఏకలవ్య పాఠశాలలకు 38,800 మంది టీచర్లు, సిబ్బందిని తీసుకుంటామని కేంద్రం ప్రకటించింది. దేశం మొత్తానికీ ఒకే పరీక్ష పెడితే, గురుకులంలో తెలుగులో చదివిన సవర అమ్మాయికి హిందీ, ఇంగ్లిష్ తెలిసినవాళ్లతో పోటీ. ఆ పరీక్షకు కోచింగ్ ఇవ్వాల్సింది ఇక్కడే, నోటిఫికేషన్ వచ్చాక కాదు, ఏడాది ముందు. 2023 నవంబర్‌లో సవరల్లాంటి తెగల కోసం మొదలైన పీఎం జన్‌మన్ పథకం కింద 24,104 కోట్ల రూపాయలతో ఇళ్లు, రోడ్లు, నీళ్లు, అంగన్‌వాడీలు వస్తున్నాయి. ఆ ఇళ్లు కట్టే తాపీమేస్త్రీ, ఆ రోడ్డు వేసే సూపర్‌వైజర్, ఆ నీళ్ల మోటారు చూసే ఎలక్ట్రీషియన్ ఈ గూడల పిల్లలే కావాలని షరతు పెడితే కట్టడంతో పాటు కొలువూ మిగులుతుంది.

చెప్పాల్సిన సమయం కూడా తెలిసిందే. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు మార్చితో అయిపోతాయి. హాస్టళ్లు ఖాళీ అయి పిల్లలంతా కొండమీదికి వచ్చేస్తారు. అదే జీడి ఏరే కాలం, మే చివరి దాకా ఇంటిల్లిపాదీ తోటలోనే ఉంటారు. ఫలితాలు వచ్చేసరికి ఏ కోర్సులో చేరాలో చెప్పేవాళ్లు దగ్గరుండరు. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ కోసం తిరిగేలోగా గడువు దాటిపోతుంది, కళ్లముందే కూలీలను తీసుకెళ్లే మేస్త్రి వచ్చి అడ్వాన్సు ఇచ్చి చెన్నై బండెక్కిస్తాడు. ఐటీడీఏ ఒక్క ఏప్రిల్, మే నెలలకు చదువుకున్న గిరిజన యువకుల్నే కౌన్సెలర్లుగా జీతమిచ్చి తీసుకుని, సంతలకూ జీడితోటలకూ పంపాలి. ధ్రువపత్రాలు అక్కడే చేయించి, దరఖాస్తు ఫోనులోనే నింపించి, చేరిన పిల్లల నంబర్లు ఏడాది పాటు తమ దగ్గరే ఉంచుకునేలా చేయాలి. మేస్త్రి కన్నా ముందు ఆ కుర్రాడి ఇంటికి చేరాల్సింది వాళ్లే.